ఏమీ చెయ్యని మొక్క

ఆ సోమవారం ఉదయానికి సెవేరో లొసాదా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరుంబావుకి లేవాలి. చామంతి టీ కాచుకోవాలి. మండువాలో కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి, పాదాలు చల్లటి గచ్చుకి ఆనించి, మొక్క పక్కన ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ తర్వాత ఆఫీసుకి వెళ్ళి, ఎప్పటిలాగే పదకొండు మంది కొత్తవాళ్ళ చేతుల్లో తన ప్రాణం పెట్టాలి.

ఆయన ఉద్యోగం డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష పెట్టడం. ఆయన ఊరు పచూకా, కొండల మీద కట్టినది. పైగా అక్కడ గాలి ఏడాదిలో ఏ పది రోజులో తప్ప ఊరుకోదు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు ముందుకి దూకుతుంది, మలుపు దగ్గర తలుపు తీస్తే గాలి దాన్ని ఊడబెరికినంత పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా సెవేరో, స్టీరింగు పట్టుకుంటేనే చేతులు వణికేవాళ్ళ పక్కన కూర్చుని ఆ సందులన్నీ తిరిగాడు. ఆయన కూర్చునే వైపు బ్రేకు ఉండదు. అయినా ఆయన కుడికాలు దాని కోసం వెతకడం మానలేదు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర భార్య ఒతీలియా సూపు గిన్నె కాస్త దురుసుగా జరిపినా, బల్ల కింద ఆయన కాలు ధన్‌మని నేలని తొక్కేది.

మార్చి మొదట్లో ఆయన రక్తపోటు చూసిన డాక్టర్ ఇత్సెల్ ఒకసారి అంకెల్ని, ఒకసారి ఆయన మొహాన్ని చూసి, ఇక్కడికి మీ కాళ్ళతో మీరే నడిచి వచ్చారా అని అడిగింది. ముప్పై నిండని అమ్మాయి, కానీ మాట ఖచ్చితం. మాత్రలు రాసింది. ఉప్పు తగ్గించమంది. రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా ఊరికే కూర్చోమంది. ఒక మొక్కని చూసుకోమంది. నాలుగు నెలల తర్వాత కూడా ఈ అంకెలు దిగకపోతే తను సంతకం పెట్టనని, సంతకం లేకపోతే ఆయన మళ్ళీ బండి ఎక్కడం కుదరదని నెమ్మదిగానే చెప్పింది. ఎక్కకపోతే ఎక్కడికి పంపుతారో సెవేరోకి తెలుసు. ఆఫీసు కింద పాత ఫైళ్ళ గది ఉంది. దానికి కిటికీ లేదు. అందులోకి బదిలీ అయినవాళ్ళు రిటైరయ్యారో ఇంకా అక్కడే ఉన్నారో కూడా పైన ఎవరికీ గుర్తుండదు.

మొక్క దగ్గర భార్యాభర్తలకి మాట కుదరలేదు. ఒతీలియా జెరేనియం పెట్టమంది. అది వాడిపోతుందేమో అని మళ్ళీ అదొక బెంగ అన్నాడు. గులాబీకి పురుగు పడుతుంది, టమాటాకి తెగులు వస్తుంది. చివరికి మండువా మూల నేలలో పాతుకుపోయి ఉన్న మగేయ్‌ని ఎంచుకున్నాడు. పొలం గట్ల మీద కిత్తనార ఉంటుందే, అదే జాతి, కాకపోతే ఏనుగు పరిమాణం. మనిషెత్తు మట్టలు, అంచుల్లో కొక్కేల్లాంటి ముళ్ళు. ముప్పై రెండేళ్ళుగా అది అక్కడే ఉంది. నీళ్ళు పోసినా ఉంది, పొయ్యకపోయినా ఉంది. అద్దెకొచ్చినవాళ్ళ పిల్లలు మట్టల మీద మేకుతో పేర్లు చెక్కితే ఆ పేర్లతో సహా ఉంది.

"అది ఏమీ చెయ్యదు," అన్నాడు సెవేరో తృప్తిగా. "నాక్కావలసిందీ అదే. నా పక్కనున్నది ఏదీ ఉన్నట్టుండి కదలకూడదు."

మూడు వారాలు అది నిజంగానే కదల్లేదు. ఆయన కాఫీ పిప్పి, గుడ్డు పెంకుల పొడి వేసి, సాయంత్రాలు చెంబుడు నీళ్ళు పోసి, పొద్దున్న దాని పక్కన కూర్చున్నాడు. రెండో వారానికే బాగా నిద్ర పడుతోందని ఒతీలియాతో చెప్పాడు కూడా.

ఆ సోమవారం టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నవాడికి, మట్టల నడిమి మొవ్వులోంచి ఏదో పైకి వచ్చినట్టు కనిపించింది. లేతాకుపచ్చగా, మోచెయ్యి లావున, చివర సూదిగా ఉంది. నిన్న లేదు. సెవేరో పుట్టింది తంపీకో రేవులో. ఆయనకి చేపల సంగతి తెలుసు కానీ మగేయ్‌ల సంగతి తెలీదు. దారి పొడుగునా బీళ్ళలో నిలువునా లేచి ఉండే కొయ్యల్ని బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాడు గానీ, అవి వేరే చెట్లనుకున్నాడు. అందుకని ఆయనకి తోచింది ఒక్కటే. ముప్పై రెండేళ్ళు రాయిలా ఉన్న మొక్క, తను చెయ్యి పెట్టిన మూడు వారాలకి జబ్బు పడింది. పుండేదో లేచింది.

పైన ఉండే ఇంటి యజమానురాలు చూస్తే ఏమంటుందోనని, బట్టలుతికే తొట్టి దగ్గరున్న ఇనప బకెట్టు తెచ్చి దాని మీద బోర్లించాడు. మర్నాటికి బకెట్టు ఒక పక్కకి ఒరిగి ఉంది. సర్దేసి పైన ఇటుక పెట్టాడు. ఆ మర్నాడు వెళ్ళేసరికి, నెత్తిన బకెట్టు, బకెట్టు మీద ఇటుక, ఆ రెంటినీ మోసుకుంటూ ఆ పుండు జానెడు పైకి లేచి నిలబడి ఉంది. సెవేరో చేతిలో టీ చల్లారిపోయింది. ఆయనకి తెలియకుండానే కుడికాలు నేలని తొక్కింది. ఎడమ అరచెయ్యి ముందుకి చాచి, నెమ్మదిగా కిందికి దించుతూ, రోజూ కొత్తవాళ్ళతో అనే మాటలే దానితోనూ అన్నాడు.

"నెమ్మది. నెమ్మది. కంగారు లేదు. ఇక ఆపు."

అదే క్షణంలో బకెట్టు పక్కకి ఒరిగి, ఇటుకతో సహా గచ్చు మీద ఖంగుమని పడింది. పై వరండాలో కటకటాలు పట్టుకుని నిలబడ్డ క్లెయోఫాస్ గారు ఇదంతా చూశారు.

క్లెయోఫాస్ గారిదే ఆ ఇల్లు. భూగోళం టీచరుగా రిటైరయ్యారు. పై అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఆ మొక్క ఆవిడ భర్త నాటినది. ఈ ఇల్లు కొన్న ఏడాది పాతి, ఇది క్వియోతె వేసి పూసిన రోజున వీధి వీధంతా పిలిచి విందు చేస్తానన్నాడు. క్వియోతె అంటే మగేయ్ పువ్వు కాడ. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ప్రతి వసంతంలోనూ ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొవ్వులోకి తొంగి చూసేవాడు. ఇరవై మూడు వసంతాలు అలా చూసి పోయాడు. ఆయన పోయాక కూడా అది ఏమీ చెయ్యలేదు. ఆవిడ దాని వైపు చూడడం మానేసి, మండువాలోకి గాలి, దుమ్ము రాకుండా పైన ప్లాస్టిక్ రేకుల కప్పు వేయించుకున్నారు. ఇరవై రేకులు. చినుకు పడితే వాటి చప్పుడు విని ఆవిడ మొహం వెలిగేది. వీధిలో అలాంటి కప్పు ఇంకెవరికీ లేదు.

ఆవిడ మెట్లు దిగి వచ్చి, ఆ పచ్చటి మొనని చాలాసేపు చూశారు. సెవేరో క్షమించమన్నాడు. జబ్బు తగ్గేలా చూస్తానన్నాడు. ఆవిడకి ఆ మాటలు చెవికెక్కలేదు.

"ఈ పువ్వు కాడ కోసం మా ఆయన ఇరవై మూడేళ్ళు బతిమాలుకున్నాడు," అన్నారు మెల్లగా. "మీరు మూడు వారాలు పక్కన కూర్చున్నారు. మీరేం చెప్పారు దానికి?"

"ఆగమన్నానండీ."

"ఆగమంటే లేచిందా?"

సెవేరో వంగి బకెట్టు, ఇటుక ఏరుకున్నాడు. ఆ తల వంచుకోవడాన్ని ఆవిడ వినయం అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆ వార్త వీధి చివర రొట్టెల కొట్టు దాకా వెళ్ళింది. సాయంత్రానికి, లైసెన్సాఫీసు లొసాదా గారు మొండి మొక్కల పక్కన ఊరికే కూర్చుని వాటిని లేపుతున్నారని కొండ మీది పేటంతటికీ తెలిసింది.

ముందుగా వచ్చింది ఎదురింటావిడ, ఎండిపోతున్న నిమ్మ మొక్కతో. ఒక వారం ఆయన దగ్గర ఉంచితే చాలంది. కాదనడం సెవేరోకి చేతకాలేదు. ఆఫీసులో రోజుకి ఏడుగురిని ఫెయిల్ చేసే మనిషికి ఇంట్లో ఒక్కరిని కాదనే ఓపిక మిగలదు. నిమ్మ మొక్కకి తోడుగా పసుపెక్కిన ఫెర్న్ వచ్చింది. దాని వెనక ఆకులు రాలిన పోయిన్సెత్తియాలు, మొదలు కుళ్ళిన కలబంద, ఎవరో హనీమూన్ నుంచి తెచ్చుకుని మర్చిపోయిన ఆర్కిడ్డు. ఆ తర్వాత పాడడం మానేసిన కనారీ పిట్ట ఒకటి పంజరంతో సహా వచ్చింది. ఒక ఆదివారం ఎవరో తమ అత్తగారిని కూడా తెచ్చి పది నిమిషాలు ఆయన పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఆవిడ వెళ్ళేటప్పుడు కాస్త మెత్తబడ్డట్టే కనిపించిందని ఒతీలియా తర్వాత చెప్పింది.

పొద్దున్న ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకూడదన్నది డాక్టరమ్మ ఆజ్ఞ. అది ఎవరికీ చెప్పలేక సెవేరో నోరు మూసుకుని కూర్చునేవాడు. జనం దాన్ని పద్ధతి అనుకుని, గోడ పొడుగునా చేతులు కట్టుకుని, వాళ్ళూ మౌనంగా నిలబడేవారు. ఆ ఇరవై నిమిషాలూ మండువాలో కనారీ ముక్కుతో పంజరం గీరిన చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

వాళ్ళందరి నడుమ ఆ కాడ పెరుగుతూనే ఉంది. రోజుకి బెత్తెడు. కొన్ని రోజులు జానెడు. ఏప్రిల్ మధ్యకి సెవేరో తల దాటింది. నెలాఖరుకి పై వరండా కటకటాల్ని అందుకుంది. తొడ లావున, నున్నగా, మైనం పూసినట్టు మెరుస్తూ, ఎక్కడా ఒక వంకర లేకుండా లేచింది. చెవి ఆనిస్తే లోపల నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తుందని ఎదురింటావిడ చెప్పింది. అందరూ వరసగా వెళ్ళి చెవి పెట్టారు. ఎవరికి ఏం వినిపించిందో గానీ, ఇవతలికి వచ్చేటప్పుడు అందరూ గొంతు తగ్గించే మాట్లాడారు. ఎవరూ చూడనప్పుడు సెవేరో కూడా చెవి పెట్టాడు. ఆయనకి తన గుండె చప్పుడే వినిపించింది. అది మరీ వేగంగా లేదని గమనించే తీరిక ఆయనకి లేకపోయింది, ఎందుకంటే అప్పటికే కప్పు గురించి లెక్కలు వేస్తున్నాడు.

కప్పు ఆరు మీటర్ల ఎత్తున ఉంది. రోజూ పొద్దున్న టేపు పట్టి కొలిచి, ఎన్ని రోజులు మిగిలాయో చెయ్యి మీద రాసుకునేవాడు. మే పద్దెనిమిది శనివారం అది రేకుల్ని తాకుతుంది. క్లెయోఫాస్ గారు కూడా ఆ లెక్క వేసుకున్నట్టున్నారు. ఒక ఉదయం కిందికి వచ్చి, ఇంతవరకు లేపింది చాలు, ఇక ఆపమని దానితో చెప్పండి అన్నారు. తను చెబితే ఆగదని సెవేరో అన్నాడు. లేపడం వచ్చినవాడికి ఆపడం రాదా అన్నారావిడ. ఆవిడ తృప్తి కోసం సెవేరో అరచెయ్యి చాచి, కిందికి దించుతూ, ఆగమన్నాడు. మర్నాడు అది జానెడు మీద ఆరు వేళ్ళు పెరిగింది.

ఇదంతా కావాలనే చేస్తున్నాడని ఆవిడకి అనుమానం వచ్చింది. నాలుగేళ్ళుగా వంటింటి కుళాయి కారుతోందని సెవేరో అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ వాయిదా వేస్తూనే ఉన్నారు. ఆ కసి మొక్కతో తీర్చుకుంటున్నాడేమో. ఆ మధ్యాహ్నమే ప్లంబర్ వచ్చి కొత్త కుళాయి బిగించాడు. కాడ ఆగలేదు. రెండు రోజుల తర్వాత స్నానాల గది తలుపు కొత్తది వచ్చింది. కాడ ఆగలేదు. పడగ్గదికి రంగులు వేశారు. అన్నేళ్ళలో జరగని మరమ్మతులన్నీ రెండు వారాల్లో జరిగిపోతుంటే ఒతీలియా నోరు వెళ్ళబెట్టి చూసింది.

"ఏమయ్యా, వంటింటి కిటికీ కూడా సరిగ్గా పడదు," అంది నెమ్మదిగా. "దాని గురించి కూడా మొక్కకి ఒక మాట చెప్పరాదూ?"

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పరీక్షాధికారి సెవేరో లొసాదా అభ్యర్థుల దగ్గర పూలకుండీలు పుచ్చుకుని పాస్ చేస్తున్నాడని పేరు లేని ఉత్తరం అందిందట. ఎవరి మేనత్తో ఎండిన ఫెర్న్ పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కడం ఎవరో చూశారు. మరుసటి వారమే ఆ మేనత్త మేనల్లుడు నాలుగో ప్రయత్నంలో గట్టెక్కాడు. విచారణకి తిబూర్సియో మెనేసెస్ అనే తనిఖీ అధికారి ఇంటికి వస్తారు. తేదీ మే పద్దెనిమిది, శనివారం, ఉదయం పది గంటలు. సెవేరో ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మండువాలోకి వెళ్ళి కుండీలు లెక్కపెట్టాడు. నలభై మూడు ఉన్నాయి.

ఆ వారంలోనే ఎలాదియో తాత ఊరి నుంచి వచ్చాడు. కింద వెనక గదిలో అద్దెకుంటాడు, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. చలికాలం నుంచి కూతురి దగ్గర ఆపాన్‌లో ఉండిపోయాడు. ఆపాన్ బీళ్ళలో యాభై ఏళ్ళు మగేయ్‌ల మొవ్వు గీసి, తియ్యటి నీరు తీసి కల్లు పెట్టినవాడు. చేతిలో సంచీ కింద పెట్టకుండానే కాడని మొదలు నుంచి చివరి దాకా చూశాడు. తల వెనక్కి వాల్చి వాల్చి చూడడంలో టోపీ వెనక పడిపోయింది. తీసుకోలేదు.

నేనిక్కడుంటే ఫిబ్రవరిలోనే మొవ్వు కోసేసేవాణ్ణి అన్నాడు. అప్పుడు నాలుగు నెలల పాటు ఈ ఇంట్లో అందరూ కడుపునిండా తియ్యనీరు తాగేవారట. ఇప్పుడు ఆ తీపంతా పైకెక్కిపోయింది. సెవేరో కాస్త ధైర్యం తెచ్చుకుని, ఇప్పుడు కోసేస్తే నష్టమేమైనా ఉందా అని అడిగాడు.

తాత సంచీ కింద పెట్టాడు. మట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. అది కాస్త మెత్తబడి ఉంది.

"ఇది ఒక్కసారే అబ్బాయ్," అన్నాడు. "ముప్పై ఏళ్ళు తిన్నదీ తాగిందీ దాచుకుంది. ఇప్పుడు ఒక్కసారి అంతా ఖర్చుపెట్టేస్తుంది. పూశాక ఇక ఉండదు. పోతుంది."

సెవేరో ఈ మాట క్లెయోఫాస్ గారి చెవిన వెయ్యలేదు. వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

శనివారం పొద్దున్నకి కాడ మొన రేకుని తాకింది. అప్పటికి పై భాగంలో పక్క కొమ్మలు కూడా విచ్చుకోవడం మొదలైంది. ఒక్కో కొమ్మ చివరా పచ్చటి మొగ్గల గుత్తి, అరచేతులు తెరిచి పెట్టినట్టు. ఎనిమిది గంటలకి రేకు మధ్యలో ఉబ్బింది. తొమ్మిదికి కిర్రుమంది. క్లెయోఫాస్ గారు తెల్లబోయిన మొహంతో దిగివచ్చి, ఇక లాభం లేదు, రంపం తెమ్మన్నారు.  వీధిలో వాళ్ళంతా అప్పటికే గోడ పొడుగునా చేరారు. నిచ్చెన వేశారు. సెవేరో రంపం చంకన పెట్టుకుని ఎక్కాడు. కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒక చెయ్యి తక్కువైంది. అదే సమయానికి గుమ్మంలో నీలం సూటు, చంకలో ఫైలుతో ఒక పెద్దమనిషి కనిపిస్తే, ఒతీలియా ఆయన్ని లోపలికి లాగి, ఇక్కడ గట్టిగా పట్టుకోండి అంది. తనిఖీ అధికారి తిబూర్సియో మెనేసెస్ ఫైలు పళ్ళ మధ్య పెట్టుకుని, నిచ్చెన పట్టుకున్నాడు.

పైకి వెళ్ళిన సెవేరో కాడకి రంపం ఆనించాడు. అక్కణ్ణుంచి అది వేరేలా ఉంది. కింద నుంచి కనిపించని ఒక తడి వాసన, వాన ముందు మట్టిలాంటి వాసన వస్తోంది. చెయ్యి వేస్తే చల్లగా, గట్టిగా, లోపల ఏదో తోస్తున్నట్టుగా ఉంది. ఆరు మీటర్ల ఎత్తులో, తన బరువుని మోస్తున్న నిచ్చెన కంటే అదే నిబ్బరంగా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆయన కొన్ని వేల మందిని ఆపమన్నాడు. వాళ్ళంతా ఆగారు, కొందరు గోడకి గుద్దుకుని అయినా సరే. తను ఆపమన్నా ఆగనిది ఇదొక్కటే. ఆయనకి కోపం రాలేదు. ఎందుకో గౌరవం కలిగింది.

"అమ్మగారూ," అన్నాడు కిందికి చూస్తూ. "నేను కొయ్యలేను. తాత చెప్పాడు, ఇది ఒక్కసారేనట. పూస్తే ఇక ఉండదట."

 క్లెయోఫాస్ గారు కప్పు వైపు చూశారు. తర్వాత కాడ మొదలు వైపు, ఆ నేల వైపు చూశారు. ఎంతసేపు చూశారంటే, తిబూర్సియో పళ్ళ మధ్య ఉన్న ఫైలు తడిసిపోయింది.

"మా ఆయన ఉంటే కప్పు తీసేసేవాడు," అన్నారు చివరికి. "ఆ ఒక్క రేకూ విప్పండి. ఒక్కటి చాలు."

సెవేరో రంపం కిందికి అందించి, ఆ రేకు మేకులు ఊడదీశాడు. నిజానికి ఒక్కటి చాలేది, అది పచూకా కాకపోతే. రేకు పక్కకి జరగ్గానే ఆ కంతలోంచి గాలి లోపలికి దిగింది. మండువా అంతా ఒకసారి తిరిగింది. కనారీ పంజరం ఊగింది, నలభై మూడు కుండీల ఎండుటాకులు సుడిగాలిలా లేచాయి. బయటికి పోయే దారి కావలసి వచ్చినప్పుడు, ఆ గాలి తొమ్మిదేళ్ళ కప్పుని కింద నుంచి భుజం పెట్టి ఎత్తింది. టపటపమని మేకులు ఊడాయి. పంతొమ్మిది రేకులూ ఒకదాని వెనక ఒకటి, కొంగల బారులా లేచి, కొండ మీది రంగురంగుల ఇళ్ళ మీదుగా, ఎండలో తళుక్కుమంటూ వెళ్ళిపోయాయి. నోరు తెరిచి చూస్తున్న తిబూర్సియో పళ్ళ మధ్య నుంచి ఫైలు జారింది. అందులో కాగితాలు, పేరు లేని ఉత్తరంతో సహా, రేకుల వెంట బయల్దేరాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. రేకులు ఫుట్‌బాల్ మైదానంలోనూ, పాత గని ప్రహరీ దగ్గరా, ఒకటి మాత్రం పాస్తెలనే కూర కజ్జికాయలు అమ్మే ఒక కొట్టు పందిరి మీద ఎవరో కొలిచి వేసినట్టుగానూ దొరికాయి. కానీ ఆ క్షణంలో అవన్నీ ఎవరికీ పట్టలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత మండువాలోకి ఆకాశం దిగింది. దాని నడిమధ్య, అంత గాలిలోనూ వేలెడు కూడా వంగకుండా, ఆ కాడ నిలబడి ఉంది. చేతులు తెరుచుకుని, ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నట్టుంది.

ఎలాదియో తాత ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎదురింటావిడ మోకాళ్ళ మీద కూలబడింది. నిచ్చెన చివర, కప్పు ఊడిన దూలాన్ని కౌగిలించుకుని ఉన్న సెవేరో నవ్వడం మొదలుపెట్టాడు. మొదట చిన్నగా, తర్వాత కళ్ళ నీళ్ళు వచ్చేలా. ఒతీలియా భయపడి దిగమంది. పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆయన అలా నవ్వగా ఆవిడ చూడలేదు. క్లెయోఫాస్ గారు మాత్రం ఎగిరిపోయిన కప్పు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఎండ మొహాన పడుతుంటే కళ్ళు చికిలించి, ఇంత ఎత్తవుతుందని మా ఆయనకీ తెలిసి ఉండదు అన్నారు.

తిబూర్సియో ఆ తర్వాత తన పని తను చేశాడు. ఫైలు లేకపోయినా పెన్నుంది. కుండీలు ఒక్కొక్కటీ వంగి చూసుకుంటూ వెళ్ళాడు. సోమవారం పై అధికారులకి వెళ్ళిన నివేదికలో, సదరు పరీక్షాధికారి ఇంట్లో నలభై మూడు కుండీలు ఉన్న మాట నిజమేననీ, అయితే వాటిలో ముప్పై ఎనిమిది చచ్చిన మొక్కలు, అయిదు చావబోతున్నవనీ, ఇటువంటివి లంచంగా ఇచ్చేవాడు పాస్ అవాలనుకునేవాడు అయ్యుండడనీ రాశాడు. ఉత్తరం గురించి అడిగితే, అది వాతావరణ కారణాల వల్ల లభ్యం కావడం లేదన్నాడు. ఆదివారాలు భార్యతో సహా వచ్చి మండువాలో నిలబడి చూసి వెళ్ళేవాడు.

జూన్ రెండో వారంలో కింది కొమ్మల మొగ్గలు విడ్డాయి. పసుపుపచ్చటి పళ్ళేల్లాంటి పూల గుత్తులు, రోజుకి ఒక మెట్టు చొప్పున పైకి. పొద్దున్నే తేనెటీగలు వచ్చేవి. వాటి ఝుంకారం వీధి మొదట్లోకే వినిపించేది. ఎవరూ ఆ ఊళ్ళో అంతకుముందు చూడనన్ని తేనెపిట్టలు గాలిలో నిలబడి తాగేవి. సాయంత్రం వెలుగు ఉండగానే గబ్బిలాలు మొదలయ్యేవి. పాత గని సొరంగాల్లోంచి బారులు తీరి వచ్చి, పూలలో తల పెట్టి, మొహమంతా పుప్పొడితో వెళ్ళేవి. కొండ కింద బస్సులు ఆగి జనం తలలెత్తి చూసేవారు. క్లెయోఫాస్ గారు వీధి వీధంతా పిలిచి, మేకమాంసం గొయ్యిలో కాల్పించి, విందు పెట్టారు. ఆవిడ భర్త ఫొటోకి కూడా ఒక కుర్చీ వేశారు. ఆ కుర్చీని మొక్కకి ఎదురుగా పెట్టారు.

అదే సమయంలో కింద మట్టలు ఒక్కొక్కటీ నేల మీద వాలిపోతున్నాయి. రోజూ పొద్దున్న సెవేరో వాటికి ఇక నీళ్ళు అక్కర్లేదని తెలిసీ చెంబుడు పోసేవాడు. ఎవరు వచ్చి నిలబడినా ఇప్పుడు ఆయనకి చిరాకు లేదు. తలెత్తి చూడడంలో ఇరవై నిమిషాలు ఎప్పుడు గంట అయ్యేదో తెలిసేది కాదు.

డాక్టరమ్మ చెప్పిన గడువు వచ్చేసరికి సెవేరోకి ఆశ లేదు. నాలుగు నెలల్లో తను పాటించిన నియమం ఒక్కటీ లేదని ఆయనకి తెలుసు. మాత్రలు సగం రోజులు మర్చిపోయాడు. మౌనంగా ఉండమంటే నలభై మంది మధ్య ఉన్నాడు. విశ్రాంతి తీసుకోమంటే నిచ్చెనలెక్కాడు, విచారణ ఎదుర్కొన్నాడు, పరాయి ఇంటి కప్పు గాలికి వదిలాడు. విందులో ఉప్పు కూడా లెక్కలేకుండా తిన్నాడు. కిటికీ లేని గదిలోకి వెళ్ళాక బల్ల ఏ గోడకి వేసుకోవాలో కూడా దారిలో ఆలోచించుకున్నాడు.

డాక్టర్ ఇత్సెల్ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, అంకెలు చూసింది. పట్టీ విప్పి రెండో చేతికి చుట్టింది. లేచి వెళ్ళి పక్క గదిలోంచి ఇంకో యంత్రం తెచ్చి మళ్ళీ చూసింది. నూట ఇరవై ఆరు, ఎనభై. అదే వచ్చింది.

ఏం చేశారని అడిగింది. సెవేరో అబద్ధం ఆడడం తెలియనివాడు కాబట్టి, మొదటి నుంచీ చెప్పాడు. బకెట్టు, ఇటుక, ఎవరి అత్తగారో, కొత్త కుళాయి, రంపం, రేకులు, సూటు వేసుకున్న పెద్దమనిషి, గబ్బిలాలు. బయట వరండాలో ఇరవై మంది రోగులు వేచి ఉన్నారు. నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్ళింది. డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరి దాకా వింది. అది ఇంకా పూస్తోందా, ఆదివారం వస్తే కనిపిస్తుందా అని అడిగింది. కనిపిస్తుందన్నాడు, త్వరగా రమ్మన్నాడు.

ఆవిడ సంతకం పెట్టి, ఫైలు తెరిచింది. చికిత్స వివరాలకి అందులో ఉన్నది ఒక్క గీత. కాసేపు ఆలోచించి, 'మొక్కల పెంపకం, ప్రశాంత వాతావరణంలో పూర్తి విశ్రాంతి' అని రాసి మూసేసింది.